75 కావాలా, 90 కావాలా: రేంజ్‌ఫైండర్ కెమెరాకు లెన్స్ ఎంచుకున్న నా అనుభవం

నేను వాడేది ఫోక్ట్‌లెండర్ బెస్సా ఆర్. జపాన్‌కు చెందిన కొసినా కంపెనీ 2000లో తెచ్చిన ఫిల్మ్ కెమెరా, స్క్రూ లెన్సులు బిగించుకునే రేంజ్‌ఫైండర్. దానికి నా దగ్గర 35, 50 ఎంఎం లెన్సులు ఉన్నాయి (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్స్ దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపిస్తుంది). వీధులు, సంతలు, ఊరేగింపులు తీసినంత కాలం ఆ రెండూ సరిపోయాయి. పుట్టపాక, పోచంపల్లి వైపు వెళ్లి నేత పనివాళ్ల ముఖాలు తియ్యడం మొదలుపెట్టాక అవి చాలవని తెలిసింది. మూడో లెన్స్‌గా 75 తీసుకోవాలా, 90 తీసుకోవాలా అన్నది తేల్చుకోవడానికి నేను చేసిన పనంతా ఇక్కడ రాస్తున్నాను. రేంజ్‌ఫైండర్ వాడేవాళ్లు మన దగ్గర తక్కువే. ఉన్నవాళ్లకు తెలుగులో ఈ సంగతులు దొరకడం మరీ తక్కువ.

50తో వచ్చిన ఇబ్బంది ముందు చెప్పాలి. తల, భుజాలు నిలువు ఫ్రేమ్‌లో నిండుగా రావాలంటే పై నుంచి కింద వరకు దాదాపు 60 సెంటీమీటర్లు ఫ్రేమ్‌లో పట్టాలి. 50తో అంత నిండుగా రావాలంటే మనిషికి మీటరు లోపలికి వెళ్లాలి. నా 50 లెన్స్ మీటరు కంటే దగ్గర ఫోకస్ కాదు. పైగా అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కిపోతాయి. వీటన్నిటికంటే ముఖ్యం, ఎదుటి మనిషికి ఇబ్బంది. పుట్టపాకలో ఒక పెద్దమ్మ నూలు చుడుతూ నా వైపు చూసి, "మొఖం మీదికే వస్తున్నవు గద బిడ్డా" అంది. కోపంగా అనలేదు, నవ్వుతూనే అంది. అయినా ఆ తర్వాత ఆమె భుజాలు బిగుసుకున్నాయి. ఆ రోజు తీసిన ఫిల్మ్‌లో ఆమె ఫొటో ఒక్కటి కూడా నాకు నచ్చలేదు.

అదే తల, భుజాల ఫ్రేమ్ 75తో తీస్తే సుమారు 1.4 మీటర్ల దూరంలో ఉండొచ్చు, 90తో అయితే సుమారు 1.7 మీటర్లు. కాగితం మీద చూస్తే తేడా అడుగు దూరం. ఆ అడుగు చుట్టూనే నా ఆలోచన చాలా కాలం తిరిగింది.

రేంజ్‌ఫైండర్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇందులో లెన్స్ గుండా చూడం. కెమెరా పైభాగంలో వేరే వ్యూఫైండర్ ఉంటుంది. దాని మధ్యలో చిన్న చతురస్రంలో రెండో బొమ్మ కనిపిస్తుంది. లెన్స్ తిప్పుతుంటే ఆ రెండో బొమ్మ పక్కకు జరుగుతుంది. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నప్పుడు ఫోకస్ కుదిరినట్టు. ఏ లెన్స్ పెట్టినా వ్యూఫైండర్‌లో బొమ్మ పెద్దదవ్వదు. ఆ లెన్స్‌కు ఎంత భాగం వస్తుందో తెల్లటి గీతల ఫ్రేమ్ మాత్రం చూపిస్తుంది. వెనక ఎంత మసకబారుతుందో కంటికి కనపడదు, అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. అందుకే ఈ కెమెరాకు లెన్స్ ఎంచుకునేటప్పుడు లెన్స్ ఎంత మంచిదో చూస్తే చాలదు. ఆ లెన్స్‌తో కెమెరా ఎంత మంచిగా చూడగలదో కూడా చూసుకోవాలి.

వెతకడం హైదరాబాద్‌లో, కోఠి గుజరాతీ గల్లీలో మొదలుపెట్టాను. కెమెరా సామాన్ల దుకాణాలు ఎన్నున్నా స్క్రూ మౌంట్ టెలిఫొటో దొరకడం కష్టమే. ఒక చోట మాత్రం రష్యన్ జూపిటర్-9 చూపించారు. 85 ఎంఎం, ఎఫ్ 2 (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, అంత పెద్దగా తెరుచుకుంటుంది). పాత జైస్ జోనార్ అమరికతో చేసిన లెన్స్. అపర్చర్‌లో 15 రేకులు, ఎంత మూసినా రంధ్రం గుండ్రంగానే ఉంటుంది. చేతిలోకి తీసుకోగానే మనసు లాగింది. వెనక వెలుగులు మెత్తగా కరిగిపోయే లెన్స్ అది. అయినా వద్దనుకున్నాను. రష్యన్ స్క్రూ లెన్సులు బిగింపులో కుదిరినా, వాటి ఫోకస్ కొలత జర్మన్ రేంజ్‌ఫైండర్ లైకా కొలతతో కచ్చితంగా కలవదని, దగ్గరి దూరాల్లో పెద్ద అపర్చర్‌తో ఫోకస్ తప్పుతుందని వాడినవాళ్లు చెప్తూనే ఉంటారు. నాకు కావలసినది సరిగ్గా ఆ దగ్గరి దూరమే. అసలు కారణం ఇంకొకటి ఉంది, అది కాస్త లెక్కతో చెప్పాల్సిన విషయం.

రేంజ్‌ఫైండర్ కచ్చితత్వం దాని రెండు కిటికీల మధ్య దూరం మీద ఆధారపడుతుంది. ఆ దూరాన్ని వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్‌తో గుణిస్తే పనికొచ్చే బేస్ వస్తుంది. బెస్సా ఆర్‌లో ఆ దూరం 37 మి.మీ., మాగ్నిఫికేషన్ 0.68. అంటే సుమారు 25 మి.మీ. లైకా ఎం6లో ఇదే లెక్క 50 దాకా వస్తుంది, ఎం3లో 60 దాటుతుంది. ఇక లెన్స్ ఎంత బేస్ అడుగుతుందో చూడాలంటే ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ ఎంఎం అంకెను) దాంతోనే గుణించి అపర్చర్ నంబర్‌తో భాగిస్తే పోల్చడానికి ఒక అంకె వస్తుంది. ఫిల్మ్ మీద మసకకు మామూలుగా తీసుకునే 0.03 మి.మీ. హద్దు పెట్టి లెక్క వేస్తే, 85 ఎఫ్ 2కు సుమారు 36 మి.మీ. బేస్ కావాలి. 90 ఎఫ్ 2కు 40. 90 ఎఫ్ 2.8కు 29. ఇవేవీ నా కెమెరాకు అందేవి కావు. వెలుతురు బాగా ఉండి అపర్చర్ మూసుకుంటే పనిచేస్తాయి. కానీ మూసి వాడుకోవడానికి ఎఫ్ 2 లెన్స్ కొనడం ఎందుకు?

నేను చూసినవాటిలో ఈ లెక్కకు నిలబడినవి రెండే లెన్సులు, రెండూ ఫోక్ట్‌లెండర్ పేరుతో కొసినా చేసినవే. ఒకటి 75 ఎంఎం ఎఫ్ 2.5 కలర్ హీలియార్. రెండోది 90 ఎంఎం ఎఫ్ 3.5 అపో లాంథర్. మొదటిదానికి 22.5 మి.మీ. బేస్ కావాలి, రెండోదానికి 23. నా 25లో రెండూ ఒరుసుకుంటూ పడతాయి. వీటి అపర్చర్లు అంత చిన్నవిగా ఎందుకు పెట్టారా అని నాకు మొదట్నుంచీ అనుమానం ఉండేది. లెక్క చేశాక ఈ కెమెరాను పక్కన పెట్టుకునే ఆ అంకెలు రాసుకున్నారేమో అనిపించింది.

పేర్ల గురించి కూడా చెప్పుకోవాలి. ఫోక్ట్‌లెండర్ 1756లో వియన్నాలో మొదలైన సంస్థ. హీలియార్ అనే అమరికను హాన్స్ హార్టింగ్ 1900లో రూపొందించారు. 1999 నుంచి కొసినా ఆ పేర్లను తన లెన్సుల మీద వాడుతోంది. 75 మీద హీలియార్ అని రాసి ఉన్నా, పాత హీలియార్‌లోని ఐదు గాజుల అమరిక ఇందులో లేదు. కాబట్టి పాత హీలియార్ ఫొటోలు చూసి మనసు పారేసుకుని ఇది కొనకూడదు. ఇది తనంతట తాను మంచి లెన్స్, అంతే.

ఈ రెండూ హైదరాబాద్‌లో ఒక సీనియర్ ఫొటోగ్రాఫర్ దగ్గర ఉన్నాయని తెలిసింది. ఫిల్మ్ మానేసి చాలా కాలమైంది, కానీ సామాన్లు మాత్రం సిలికా జెల్ పొట్లాలతో డబ్బాల్లో పెట్టి చక్కగా కాపాడుకున్నారు. మన వాన కాలాలకు లెన్స్‌లో ఫంగస్ రావడం ఎంత మామూలో తెలిసినవాళ్లకు ఆ డబ్బాలు చూస్తేనే ధైర్యం వస్తుంది. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ వేసి రెండింటినీ చూశాను. 75లో రెండు మూడు దుమ్ము చుక్కలు, 90 శుభ్రంగా ఉంది. అయితే 90 ఫోకస్ రింగ్ కొంచెం బరువుగా తిరుగుతోంది, లోపలి గ్రీజు గట్టిపడింది కాబోలు. ఏది తీసుకోవాలో తేలడం లేదని చెప్పాను. "రెండూ తీస్కపో తమ్మీ. మంచిగ వాడి చూడు. చేతికి ఏది కుదిరితె అది ఉంచుకో, ఇంకోటి తెచ్చియ్యి" అన్నారు. అడ్వాన్స్ ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ రోజుల్లో ఆ ఒక్క మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. పాత లెన్స్‌ను చూడకుండా, వాడకుండా కొనడం అంటే నాకు టెన్షనే.

నల్లగొండ తిరిగొచ్చాక ముందు చేసిన పని, కెమెరా రేంజ్‌ఫైండర్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం. ఇది చెయ్యకుండా లెన్సులను పోల్చడం దండగ. కెమెరా వెనక తలుపు తెరిచి, ఫిల్మ్ వెళ్లే దారి మీద ట్రేసింగ్ పేపర్ ముక్కను బిగుతుగా టేపుతో అతికించాను. షట్టర్‌ను బి మీద పెట్టి, కేబుల్ రిలీజ్‌తో తెరిచి ఉంచాను. అపర్చర్ పూర్తిగా తెరిచి, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, గోడకు అంటించిన న్యూస్‌పేపర్ మీద రేంజ్‌ఫైండర్‌తో ఫోకస్ చేసి, వెనక నుంచి భూతద్దంతో చూశాను. అక్షరాలు తలకిందులుగా, చిన్నగా, పదునుగా కనిపిస్తే రేంజ్‌ఫైండర్ నిజం చెబుతున్నట్టు. మీటరు, మీటరున్నర, మూడు మీటర్ల దగ్గర చూశాను. తర్వాత మిద్దె ఎక్కి దూరంగా ఉన్న సెల్ టవర్ మీద చూశాను. కెమెరాలో లోపం లేదు, రెండు లెన్సులూ సరిగ్గానే ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా ఆ పరీక్షలో తెలిసింది. ఒకే దూరంలో ఉన్న ఒకే అక్షరం మీద ఫోకస్ చెయ్యడం, రింగ్ తిప్పేసి మళ్లీ మొదట్నుంచి చెయ్యడం. ఇలా మళ్లీ మళ్లీ చేసి ప్రతిసారీ రింగ్ ఎక్కడ ఆగిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. గుర్తులు ఒక్క చోట పడలేదు, అటూ ఇటూ కొద్దికొద్దిగా చెదిరాయి. కెమెరా సరిగ్గానే ఉంది, లెన్స్ సరిగ్గానే ఉంది, ఆ చిన్న చతురస్రంలో రెండు బొమ్మలు కలిశాయని నా కన్ను తేల్చుకోవడంలోనే తేడా. 25 మి.మీ. బేస్ అంటే ఇదన్నమాట. నిలువు గీత స్పష్టంగా ఉన్న చోట చెదరడం తక్కువ, అక్షరాల గుంపు మీద ఎక్కువ. ముఖం మీద ఫోకస్ చేసేటప్పుడు కంటిపాప మీద కాకుండా కళ్లజోడు అంచు మీదనో, బొట్టు అంచు మీదనో, కంటి మూల మీదనో కలపడం నేర్చుకున్నది అప్పటి నుంచే.

తర్వాత మునుగోడు మీదుగా పుట్టపాక బాట పట్టాను. సంస్థాన్ నారాయణపురం మండలంలోని ఈ ఊరు ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోదే, 2016 నుంచి యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది. తేలియా రుమాలు నేసే ఊరు. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల ఆ గుడ్డకు 2020లో జీఐ గుర్తింపు వచ్చింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టి తయారు చేస్తారు. ఆ ఇళ్లలోకి అడుగు పెట్టగానే నూనె వాసన వస్తుంది, నూలు పట్టుకుంటే చేతికి జిడ్డు తగులుతుంది.

గుంట మగ్గం ఉన్న గది ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. మగ్గమే గదిలో సగం. మనిషి గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు కాబట్టి ముఖం నేలకు దగ్గరగా ఉంటుంది. మగ్గానికీ గోడకూ మధ్య మిగిలేది మనిషి పట్టేంత దారి. పక్క నుంచి తియ్యాలంటే గోడకు వీపు ఆనించి, గొంతుక్కూర్చోవాలి. నేను వెళ్లిన ఇంట్లో అలా కూర్చుంటే, నేస్తున్న కాక ముఖానికీ కెమెరాకూ మధ్య మీటరున్నర వచ్చింది. 75తో తల, భుజాలు, పలక (పోగును దగ్గరికి కొట్టే మగ్గం చెక్క) మీద పెట్టిన చెయ్యి కొసదాకా వచ్చాయి. 90 పెడితే చెయ్యి ఫ్రేమ్‌లో నిలవలేదు. వెనక్కి జరుగుదామంటే గోడ ఉంది. అడుగు దూరం తేడా అని ముందు అన్నాను కదా, ఆ అడుగు ఆ గదిలో లేదు.

వెలుతురు సంగతి కూడా అక్కడే తేలింది. తలుపు నుంచి, ఒక చిన్న కిటికీ నుంచి వచ్చే వెలుతురే. 400 స్పీడు ఫిల్మ్‌కు తలుపు వైపు ఉన్న చెంప మీద 75ను పూర్తిగా తెరిస్తే షట్టర్ వేగం 1/60 సెకను వచ్చింది. 90ని పూర్తిగా తెరిస్తే 1/30. ఒక స్టాప్ తేడా, అంటే వెలుతురు సగం. బయట ఎండలో ఒక స్టాప్‌కు ఎవరూ విలువ ఇవ్వరు. ఆ గదిలో మాత్రం చేతిలో పట్టుకుని తియ్యగలమా లేదా అన్నది ఆ స్టాప్ మీదే ఉంది. లెన్స్ పొడవు పెరిగేకొద్దీ చెయ్యి వణుకు ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి 90కి నిజానికి 75 కంటే వేగం ఎక్కువ కావాలి, దొరికేదేమో సగం. ఫిల్మ్‌ను 800గా లెక్క పెట్టుకుని డెవలప్‌లో టైమ్ పెంచితే 75తో 1/125 దాకా వెళ్లొచ్చు. మగ్గం మీద కదులుతున్న మనిషికి నేను కోరుకునే వేగం అదే.

ఆ కదలిక దగ్గర కొంచెం ఆగాలి. నేసే మనిషి నిశ్చలంగా కూర్చోడు. తాడు లాగితే నాడె (అడ్డపోగును మోసుకెళ్లేది) అటు నుంచి ఇటు పోతుంది, వెంటనే పలకను తన వైపు లాగి కొడతాడు, ఆ దెబ్బతో పాటు తల బెత్తెడు ముందుకు వచ్చి బెత్తెడు వెనక్కి పోతుంది. మీటరున్నర దూరంలో పూర్తిగా తెరిచిన 75కు ఫోకస్‌లో ఉండే లోతు సుమారు ఆరు సెంటీమీటర్లు. 90 ఎఫ్ 3.5కు కూడా దాదాపు అంతే. ఈ విషయంలో రెండింటికీ తేడా లేదు. అంటే మనిషి తల ఫోకస్‌లోకి వస్తూ పోతూ ఉంటుంది. తల వెంట రింగ్ తిప్పుతూ పోతే ఎప్పటికీ అందదు. "కాకా, ఒక్క నిమిషం ఆగుతవా" అని అడిగితే, "ఆగుమంటె ఆగుత గని, అప్పుడు పని చేస్తున్నట్టు ఉండది మల్ల" అన్నాడు. ఆయన మాట నూటికి నూరు పాళ్లు నిజం. అందుకని చూస్తూ కూర్చున్నాను. పలక దెబ్బ తగిలి, తల వెనక్కి వెళ్లి, మళ్లీ తాడు లాగడానికి ముందు ఒక క్షణం ఆగుతుంది. పోగు తెగిందా, చిటికి (రంగు వేసే ముందు నూలుకు ముడులు కట్టడం) గుర్తు కలిసిందా అని కళ్లు గుడ్డ మీద వాలేది ఆ క్షణంలోనే. ఫోకస్ ఆ చోటికి పెట్టి, రింగ్ మీద నుంచి వేలు తీసేసి, నాడె చప్పుడు వింటూ నొక్కడమే. ముఖంలో పనితనం కనిపించేది కూడా అప్పుడే.

ఇక ఫ్రేమ్ లైన్లు. ఫొటోలు తీసేటప్పుడు నన్ను ఎక్కువగా ప్రభావితం చేసింది ఇవే. బెస్సా ఆర్‌లో పైన ఒక మీట ఉంటుంది, దాన్ని జరిపి ఫ్రేమ్ ఎంచుకోవాలి. 50కి ఒకటి, 75కి ఒకటి విడివిడిగా వస్తాయి. 90 మాత్రం 35తో కలిసి వస్తుంది. 35 పెద్ద గీతల మధ్యలో 90 గీతలు హాల్లో గోడకు తగిలించిన చిన్న ఫొటోలా ఉంటాయి. ముఖం మీద దృష్టి పెట్టినప్పుడు ఆ చిన్న ఫ్రేమ్‌లో కనుబొమలు ఎటు కదిలాయో చూడటం నాకు కష్టమైంది. 75 ఫ్రేమ్ విస్తీర్ణంలో దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. చుట్టూ వేరే గీతలు లేవు. గీతల బయట కూడా కొంత కనిపిస్తుంది కాబట్టి పిల్లాడు అడ్డం వస్తున్నా, పక్కనున్న మనిషి చెయ్యి లోపలికి వస్తున్నా ముందే తెలుస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో నాకు ప్రాణమైన గుణం ఇదే. 90తో అది మరీ ఎక్కువైపోయి, బయటి ప్రపంచమే పెద్దదై, తియ్యాల్సిన మనిషి చిన్నదైపోతుంది.

ఇంతవరకు చదివితే 90 దేనికీ పనికిరాదనిపించొచ్చు. అది అన్యాయం. అదే ఇంటి వసారాలో పెద్దమ్మ చిటికి కడుతోంది. నూలు పోగులను చట్రానికి బిగించి, గుర్తు పెట్టిన చోట సన్నని రబ్బరు పట్టీని చుట్టి చుట్టి ముడి వేస్తుంది. రంగులో ముంచినప్పుడు ఆ ముడి కింది నూలు తెల్లగా మిగలాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యలో రబ్బరు, దాన్ని లాగి పట్టుకున్న పళ్లు. రెండు లెన్సులూ మీటరు వరకే ఫోకస్ అవుతాయి. మీటరు దగ్గర 75లో సుమారు 27 బై 40 సెంటీమీటర్లు పడుతుంది, 90లో 22 బై 32. ఆ చేతులకు 90 ఫ్రేమ్ అతికినట్టు సరిపోయింది. వసారాలో వెలుతురు ఉంది, ఎఫ్ 5.6కు మూసే వీలు దొరికింది. ఆ నెగటివ్‌లో గోటి కింద ఇరుక్కున్న రంగు, వేలి మీద నూలు కోసిన సన్నని గీతలు లెక్కపెట్టొచ్చు. 75తో తీసినవాటిలో అదే చెయ్యి ఉంది, కానీ చుట్టూ చట్రం, చీర కొంగు, గోడ కూడా వచ్చేశాయి. కోసుకోవచ్చు, నిజమే. 35 ఎంఎం ఫిల్మ్‌లో అలా కొయ్యడం నాకు ఇష్టం ఉండదు, గ్రెయిన్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) పెరిగిపోతుంది.

అపో లాంథర్ అనే పేరులోని అపో అంటే వేర్వేరు రంగుల కాంతి ఒకే చోట ఫోకస్ అయ్యేలా సరిచేసిన లెన్స్ అని. కలర్ ఫిల్మ్ ఒకటి తీసి హైదరాబాద్‌లో కడిగించాను. ఎండలో ఆరేసిన ఎర్ర నూలు చిలపలు, వెనక తెల్లటి ఆకాశం, అంచుల దగ్గర రంగు చిందే అవకాశం బాగా ఉన్న దృశ్యం. 90లో అంచులు గీత గీసినట్టున్నాయి. 75లోనూ వంక పెట్టేదేమీ కనిపించలేదు. భూతద్దం పెట్టి పక్కపక్కన చూస్తే 90 ఒక మెట్టు పైనే ఉందని ఒప్పుకోవాలి. పూర్తిగా తెరిచినప్పుడు కూడా దాని పదును తగ్గదు.

పానగల్‌కు కూడా రెండూ తీసుకెళ్లాను. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాల దగ్గర దూరానికి కొదవ లేదు, ఎవరూ కదలరు. అక్కడ 90 రాజు. ఛాయా సోమేశ్వరాలయం లోపల మండపంలో స్తంభాల చీకటికి మళ్లీ 75 తీశాను. స్క్రూ లెన్స్ మార్చడం అంటే విప్పి, మర పట్టించి, మళ్లీ బిగించడం. మంచి చెట్టు నీడ చూసుకుని చేసే పని, హడావిడిలో అయ్యేది కాదు. అంటే రెండూ సంచిలో పెట్టుకుని తిరిగినా, చేతిలో ఏది బిగించి ఉంటే ఆ రోజుకు అదే లెన్స్.

ఫిల్మ్ నేనే కడుగుతాను, డీ-76 డెవలపర్‌లో. ఎవరైనా మా వైపు ఇంట్లో ఫిల్మ్ కడుగుదామనుకుంటే ఒక మాట వినండి: చివరి కడుగుడుకు బోరు నీళ్లు వాడొద్దు. నల్లగొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఫిల్మ్‌కు వచ్చే చిక్కు ఆ నీళ్ల గట్టిదనంతో. ఆరాక నెగటివ్ మీద తెల్లటి సున్నపు మచ్చలు మిగులుతాయి, స్కాన్ చేస్తే ముఖం మీద పొక్కుల్లా కనిపిస్తాయి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక బాటిల్ చాలు.

నెగటివ్‌లన్నీ ఆరాక లైట్ బాక్స్ మీద పరిచి, ఏది ఏ లెన్స్‌తో తీశానో రాసుకున్న పుస్తకం మూసేసి, నచ్చిన ఫొటోలు ముందు ఏరాను. తర్వాత పుస్తకం తెరిచి చూశాను. చేతులు, శిల్పాలు, ఆరేసిన నూలు, దాదాపు అన్నీ 90వి. ముఖాలు దాదాపు అన్నీ 75వి. 90తో తీసిన ముఖాల్లో ఫోకస్ తప్పినవి కొన్ని, చెయ్యి వణికినవి కొన్ని. మిగిలినవాటిలో ముఖం ఒక్కటే ఉంది, మగ్గం లేదు. ఆ మనిషి ఎక్కడ కూర్చున్నాడో, ఏం చేస్తున్నాడో తెలియదు. స్టూడియోలో తీసినా అలాగే ఉంటుంది. 75 ఫొటోల్లో ముఖం పక్కన పడుగు పోగుల వరస, పలక మీది వేళ్లు, తలుపు వెలుతురు ఉన్నాయి. పోర్ట్రెయిట్‌కు 90 అనే మాట ఫొటోగ్రఫీలో పాతుకుపోయింది. నల్లని తెర ముందు కూర్చున్న మనిషికి అది సరైన మాటే. పని చేస్తున్న మనిషికి, ఆ పని జరిగే ఇరుకు గదికి నాకు 75 సరైనది.

బరువులో, సైజులో రెండింటికీ పెద్ద తేడా లేదు, అది నిర్ణయంలోకి రాలేదు. ఫిల్టర్ మాత్రం కొత్తది కొనాల్సి వచ్చింది. 90కి నా దగ్గరున్న 39 మి.మీ. పసుపు ఫిల్టర్ సరిపోయేది. 75కు 43 కావాలి, అది వెతికి పట్టుకోవడానికి సమయం పట్టింది.

మీ దగ్గర లైకా ఎం3 ఉంటే ఈ లెక్క తలకిందులవుతుంది. దాని వ్యూఫైండర్ బొమ్మ దాదాపు కంటికి కనిపించినంత పెద్దది, 90కి సొంత ఫ్రేమ్ ఉంది, 75కు ఫ్రేమే లేదు. ఎం6లో 75 గీతలు 50తో కలిసి వస్తాయి, 90 గీతలు 28తో. బేస్ పెద్దది కాబట్టి ఎఫ్ 2 లెన్సులు కూడా వాడుకోవచ్చు. నా నిర్ణయం నా కెమెరాకు, నేను వెళ్లే ఇళ్లకు సంబంధించినది. మీ కెమెరా వేరైతే ముందు దాని బేస్ ఎంతో చూసుకుని, మీరు తీసే మనుషులకూ మీకూ మధ్య టేపు పట్టి కొలవండి. లెన్స్ పరీక్షల ఫొటోలు ఆ తర్వాత చూడొచ్చు.

75 లెన్స్‌కు ఇవ్వాల్సిన డబ్బులు తీసుకుని, 90ని శుభ్రంగా తుడిచి, సిలికా జెల్ కొత్త పొట్లం వేసి హైదరాబాద్ వెళ్లాను. ఏది ఉంచుకున్నానో చెప్పక ముందే నెగటివ్‌లు అడిగారు ఆయన. కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలా సేపు చూశారు. చిటికి కడుతున్న చేతుల దగ్గర ఆగి, "ఇది 90 కదా" అన్నారు. అవునన్నాను. మాఘంలో చెరువుగట్టు జాతర వస్తుందని, అక్కడ ఆరుబయట జనంలో 90 కావాల్సి వస్తుందని, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచగలరా అని అడిగాను. "ఎవరొస్తరు తమ్మీ దీనికి? జాతరకు రెండు రోజుల ముందు వచ్చి తీస్కపో. రింగు గట్టిగ తిరుగుతుందన్నవు గద, ఆ లోపల గ్రీజు మార్పిస్త" అన్నారు.